గుండు అడుగు సంగతి

మంగళవాడ,
9-8-1987

ఇందుమూలముగా మంగళవాడ గ్రామ ప్రజలకు, గొర్రెలకు, మేకలకు, గోడ మీద కూర్చున్న కాకులకు తెలియజేయు బహిరంగ ప్రకటన ఏమనగా: నిన్న సాయంకాలం నుంచి కాటప్ప అను నాకు ఒక్క సంగటి ముద్దకు మించి వడ్డించరాదని నా ధర్మపత్ని ఓబక్క గారు ఏకగ్రీవంగా తీర్మానించారు. సభలో నేనూ ఉన్నాను గానీ నాకు ఓటు లేదు. కారణం, సదరు ఓబక్క గారి తమ్ముడు, దూరదేశపు బెటాలియనులో హవల్దారు అయిన రామాంజినప్ప, ఉగాది తర్వాత ఇంటికి కార్డు ముక్క కూడా రాయకపోవడం. నేరం నీది, పస్తు నాది.

"తమ్ముడు ఉండాడో లేడో కనుక్కోలేనోనికి రెండో ముద్ద యాల?" అంటుంది మీ అక్క. కనుక్కోవాలంటే ఉత్తరం రాయాలి. రాస్తున్నాను. బామ్మర్దీ, ఉన్నావా?

వాన సంగతి రాయను. రాస్తే ఈ కాగితం కూడా ఎండిపోతుంది. రెండు తుంపర్లు పడ్డాయని ఊరంతా ఎగబడి శనక్కాయలు విత్తాం. ఇప్పుడు పొద్దు నెత్తికెక్కితే చాలు, ఆకులన్నీ చేతులు కట్టుకుని నిలబడతాయి, బడిలో తన్నులు తినే పిల్లల్లాగా.

అసలు విషయానికి వస్తాను. పెళ్ళైన నెలకే నీ పెండ్లాం నరసక్కను మా ఇంట్లో దింపి పోయావు. మంచి పిల్ల. మీ అక్కా మంచిదే. ఈ ఇద్దరు మంచివాళ్ళూ ఒక పొయ్యి దగ్గర నిలబడితే, ఒకరు వేసిన పులుసులో ఇంకొకరు ఉప్పు వేస్తారు. అడిగితే "నేను వేయలేదు" అని ఇద్దరూ అంటారు. తాగేది నేను. బెంగుళూరులో ట్రైనింగు స్కూలు ఉద్యోగం వస్తుందనీ, క్వార్టర్సు ఇస్తారనీ, ఆ పిల్లను తీసుకెళ్తాననీ పోయిన సెలవులో బొంకావు కదా, అదేమైంది?

ఆకలితో,
నీ బావ కాటప్ప

*

బెటాలియన్ క్యాంపు,
24-8-1987

బావకు, అక్కకు నమస్కారాలు. నేను క్షేమం.

నేను బొంకలేదు. బెంగుళూరు ఉద్యోగం ఒక్కటే ఉంది, అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. నవంబరులో నూరు గజాల దూరం గురి పోటీ పెడతారు. మొదట వచ్చినవాడికి ఆ ఉద్యోగం. మిగతావాళ్ళంతా కొండల్లో సరిహద్దుకు పోవాలి. అక్కడికి కుటుంబాన్ని తీసుకుపోనివ్వరు. మూడేళ్ళకు ముందు దిగి రావడం ఉండదు.

పోయిన ఏడాది నా గురి బాగుండేది. ఈ ఏడాది చెడిపోయింది. ఎందుకో చెబుతాను, నవ్వవద్దు. మావి పాత త్రీ నాట్ త్రీ రైఫిళ్ళు. ఇదివరకు ఇచ్చిన తూటాల్లో గుండు అడుగు నాణెంలాగా చదునుగా ఉండేది. ఇప్పుడు కొత్త పెట్టెలు వచ్చాయి. వీటిలో గుండు అడుగు పడవ వెనక భాగంలాగా సన్నగా కోసి ఉంటుంది. దూరానికి ఇదే మేలు, గాలి వెనక్కి పట్టి లాగదు అంటారు. అది నిజమే. కానీ నాకు ఒక అనుమానం ఉంది. గుండు బ్యారెల్ మూతి దాటేటప్పుడు చివరగా వదిలేది దాని అడుగు. వెనక నుంచి పేలిన తూటా మందు పొగ తోస్తుంది. అడుగు చదునుగా ఉంటే పొగ అన్ని పక్కలా ఒకేసారి బయటపడుతుంది. సన్నగా కోసిన అడుగు ఒక పక్క ఏ కొంచెం వంకర ఉన్నా పొగ ఆ పక్కన ముందే దూరి గుండు తోకను తన్నుతుంది. మా బ్యారెళ్ళు లోపల అరిగి ఉన్నాయి కాబట్టి ఇంకా ఎక్కువ. నూరు గజాల్లో ఆ ఊగులాట సర్దుకోదు, సన్నటి అడుగు వల్ల వచ్చే లాభమూ అందదు.

కానీ ఉస్తాద్, అంటే మాకు గురి నేర్పే ఆయన, కొత్తవే మంచివంటాడు. ఆయన నేను పుట్టక ముందు నుంచి తుపాకి పట్టినవాడు. నాకేం తెలుసు? పోటీలో ఏ పెట్టె కావాలంటే ఆ పెట్టె తీసుకోవచ్చు. అందరూ కొత్తవే తీసుకుంటున్నారు. నేనూ అవే తీసుకుంటాను.

ఇవన్నీ నీకెందుకు రాశానో తెలియదు.

నీ బామ్మర్ది,
రామాంజినప్ప, హవల్దారు

*

మంగళవాడ,
6-9-1987

గుండ్ల శాస్త్రంలో పండితుడైన బామ్మర్దికి,

నీ ఉత్తరాన్ని ఇంట్లో గట్టిగా చదివాను. మొదటి సగం గుండు. రెండో సగం గుండు అడుగు. మీ అక్క "ఇంగ చాలు, బతికుండాడు కదా" అని లేచి నాకు రెండో ముద్ద వేసింది. నరసక్క మాత్రం చివరి అక్షరం దాకా కూర్చుని విన్నది. తన పేరు వస్తుందేమోనని. రాలేదు. లేచి గొర్రెల కొట్టంలోకి పోయింది. ఏడేళ్ళు బడికి పోయి ఏడో తరగతి తప్పిన నాకే తెలుసు, పెండ్లాం ఉన్న ఇంటికి ఉత్తరం రాస్తే ఆమె పేరొకటి రాయాలని.

పైగా ఇదేం తర్కం? గుండు పనంతా ముందర కదా. తగిలేది మూతి. వెనకాల ఏముంటే నీకేం?

ఇలా తిట్టుకుంటూనే మొన్న గొర్రెపిల్ల బేరానికి నిడుగల్లు పోయాను. అక్కడ కొండ కింద హొన్నూరప్ప అని ఒక ముసలాయన కనబడ్డాడు. వాళ్ళ తాతల కాలం నుంచి కోటలో పాళెగాళ్ళకు తుపాకులు చేసిన వంశమట. చూపు పోయింది. అయినా గుండు చేతికిస్తే వేళ్ళతో తడిమి ఏ తుపాకిదో చెబుతాడని పేరు. ఊరికే నోటి దురదకు నీ సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు.

"పావగడ బస్సు ఎక్కినావా ఎప్పుడన్నా?" అన్నాడు.

"దినామూ అదే బతుకప్పా."

"తలుపు కాడ దిగేటప్పుడు ఎనకనుంచి జనం తోస్తారు గదా. ఈపంతా సమంగా తోస్తే నిలువునా దిగుతావు. ఒక భుజం మీదే తోస్తే?"

"బోర్లా పడతాను."

"పడినాక లేచి సర్దుకుని నడుస్తావు. దూరం పోయేవాడైతే సర్దుకున్నాక బిరబిరా పోతాడు. నీ బామ్మర్ది గుండు పోవాల్సింది పక్కింటికి. సర్దుకునేలోపే ఇల్లొచ్చేస్తాది. దగ్గర గురికి అడుగు చదునుగా ఉండేదే కావాల. పో."

నాకు అర్థమైంది ఇంతే. ఆయన మాట నీకు చేరవేశాను. ఇక గుండ్ల గురించి నాకు రాయవద్దు.

నీ బావ కాటప్ప

*

బెటాలియన్ క్యాంపు,
21-9-1987

బావా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ పెద్దాయన చెప్పింది అచ్చంగా నేను అనుకున్నదే! తుపాకి చేసిన వంశంలో పుట్టినవాడు, చూపు లేకుండా, నా అనుమానాన్ని నిలబెట్టి చెప్పాడంటే ఇది మామూలు మాట కాదు.

నువ్వు దయచేసి మళ్ళీ నిడుగల్లు వెళ్ళి ఈ ప్రశ్నలు అడిగి రావాలి. బ్యారెల్ మూతి అంచు అరిగి ఉంటే ఏం చేయాలి? గుండు బ్యారెల్ గోడను పట్టుకునే పొడవు చదును అడుగుదానికి ఎక్కువ కదా, అది కూడా గురికి మేలు చేస్తుందా? ఎన్ని గజాల తర్వాత సన్నటి అడుగు గెలుస్తుంది? ఆయన చెప్పినది చెప్పినట్టు రాయి. నీ వెటకారం కలపవద్దు.

నరసక్కను అడిగానని చెప్పు.

రామాంజినప్ప

*

మంగళవాడ,
3-10-1987

బామ్మర్దీ,

నాకు శనక్కాయ చేను ఉంది. చేనులో కలుపు ఉంది, పురుగు ఉంది, శనక్కాయ ఒక్కటే లేదు. నా కాలిలో ముల్లు ఉంది. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు నిన్నటి నుంచి ఒకే చాట కోసం పోట్లాడుతున్నారు. అటు లాగి ఇటు లాగి చాట రెండైంది గానీ పోట్లాట ఒకటే ఉంది. ఈ రాజ్యభారం మధ్య నేను బ్యారెల్ మూతి అంచు గురించి రాయబారం నడపాలా?

"నరసక్కను అడిగానని చెప్పు" అన్నావు. చెప్పాను. "ఏమడిగినాడంట?" అంది. నువ్వే చెప్పు.

అయినా నీ అక్క తరిమితే నిడుగల్లు పోయాను. నీ ప్రశ్నలన్నీ వరసగా చదివాను. ముసలాయనకు మండింది.

"కాల్చేది వాడా, నేనా?" అన్నాడు. "రైఫిలు వాని చేతిలో ఉండాది. రెండు రకాల పెట్టెలూ వాని ముందర ఉండాయి. అదే తుపాకితో, అదే ఇసుక మూట మీద ఆనించి, ఇవి కొన్ని అవి కొన్ని కాల్చి, రెండు గురి అట్టలూ పక్కపక్కన యాలాడదీయమను. ముందు దగ్గర. తర్వాత దూరం. కండ్లు లేని నన్ను అడిగేది ఏంది, కండ్లు పెట్టుకుని? అట్టనడగమను!"

ఇంతే చెప్పి కట్టె తీసుకున్నాడు. నేను లేచి వచ్చాను. ఇంకోసారి పొమ్మంటే నా కాళ్ళు విరిగినా నీదే పూచీ.

కాటప్ప

*

బెటాలియన్ క్యాంపు,
20-10-1987

పూజ్యులైన బావగారికి,

పెద్దాయన చెప్పినట్టే చేశాను. ఆదివారం ఉస్తాద్‌ను బతిమాలి రేంజి, అంటే కాల్పుల మైదానం, తెరిపించాను. నూరు గజాల అట్ట మీద చదును అడుగు గుండ్లు నా అరచేయి పెడితే మూసుకుపోయేంత చోటులో పడ్డాయి. సన్నటి అడుగువి చాటలో శనక్కాయలు పోసినట్టు చెదిరాయి. తర్వాత చాలా దూరం జరిగి కాల్చాను. అక్కడ తిరగబడింది! సన్నటివి గాలికి తట్టుకుని కుదురుగా పోయాయి, చదునువి తేలిపోయాయి. దగ్గరకు ఒకటి, దూరానికి ఒకటి. ఎవరూ తప్పు కాదు, దూరమే తేడా.

ఉస్తాద్ అట్టలు చూసి, "ఒక రోజు కాల్చి శాస్త్రం చెబుతావా? గాలి వల్ల అయి ఉంటుంది" అన్నాడు. మునుపైతే "అవును ఉస్తాద్" అనేవాణ్ణి. ఈసారి ఆ అట్టలు మడిచి దాచుకున్నాను. మనసులో హొన్నూరప్ప తాత ఉన్నాడు.

చలి వస్తోంది, తాతకు ఒక మంచి కంబళి పార్సెలు పంపాను. ఆయన భుజాల మీద నువ్వే కప్పి దణ్ణం పెట్టు.

ఇంకొకటి. నరసక్క ఇంతవరకు నాకు ఒక్క ముక్క రాయలేదు. చదువు వచ్చిన మనిషి. బెంగుళూరు రావడం ఇష్టం లేదా? ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పమను. ఎవరి కోసం ఈ పాట్లు పడుతున్నానో నాకూ తెలియాలి.

రామాంజినప్ప

*

మంగళవాడ,
1-11-1987

ఓరి మతిలేనివాడా,

నీ పార్సెలు వచ్చింది. తాడు విప్పింది నరసక్క. ఎర్ర అంచు కంబళి చూసి దాని ముఖం ఎలా వెలిగిందో నువ్వు చూడలేదు. బుగ్గకు ఆనించుకుంది. ఆ తర్వాత నేను నీ ఉత్తరం చదివాను. నన్ను పామును చూసినట్టు చూసింది.

"ముక్కూ మొగం ఎరగని ముసలాయనకు చలేస్తాదంట. నాకు ఎయ్యదా అన్నా?"

మీ అక్క పొయ్యి దగ్గర నుంచే "మా తమ్మునికి బుద్ధి ల్యాదులే" అంది. వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడటం నేను చూసింది అదే మొదటిసారి. నిన్ను తిట్టడానికైనా ఒకటయ్యారు, సంతోషం.

అంతటితో ఆగితే బాగుండేది. మరుసటి పొద్దున కంబళి చంకన పెట్టుకుని బయలుదేరింది.

"ఆయప్ప యాడుంటాడో చెప్పన్నా. నా చేత్తోనే ఇచ్చొస్తా. నా మొగుడు నాకన్నా ఎక్కువ అనుకున్నోన్ని నేనూ చూడాల కదా."

"ఆయప్ప ఊర్లో లేడమ్మా. కూతురింటికి పోయినాడు."

"యా ఊరు?"

"ఏదో... దూరం."

"సరే. నిడుగల్లులో అడిగి, ఆ ఊరికే పోతా."

బస్సు ఎక్కింది. నేను వెనకే పరుగెత్తాను. ఎలాగో చేరాను, అప్పటికే కంబళి ఇచ్చేసింది. ఆయన ఆమె నెత్తిన చేయి పెట్టాడు. నోరు తెరిచి మాత్రం ఏమీ మాట్లాడలేదు. ఈ మధ్య ఎవరితోనూ మాట్లాడటం లేదు. కాబట్టి ఇకమీదట ఆయనకు పార్సెళ్ళు, ప్రశ్నలు, దణ్ణాలు ఏవీ పంపవద్దు.

నీ చివరి ప్రశ్నకు జవాబు. దానికి బెంగుళూరు ఇష్టమా కాదా అని నన్నెందుకు అడుగుతావు? నేను దాన్ని అడిగితే ఇలా అంది: "తీసుకుపోతానని నీకు రాసినాడు, వదినకు రాసినాడు. నాకు ఎప్పుడు రాసినాడు, నేను జవాబు రాసేకి?" బామ్మర్దీ, గుండు అడుగు ఎంత దూరం నుంచైనా కనబడుతుంది నీకు. ఇది కనబడలేదు.

విసిగిపోయిన బావ,
కాటప్ప

*

బెటాలియన్ క్యాంపు,
26-11-1987

బావా,

గెలిచాను! మొదటివాణ్ణి నేనే. బెంగుళూరు ఆర్డరు చేతికి వచ్చింది. జనవరిలో చేరాలి, క్వార్టర్సు కూడా రాశారు.

ఆ రోజు సంగతి చెప్పాలి. నా వంతు వచ్చినప్పుడు ఉస్తాద్ తన చేత్తో కొత్త పెట్టె తెరిచి నా ముందు పెట్టాడు. "ఇవి తీసుకో, మొండికేయకు" అన్నాడు. అందరూ చూస్తున్నారు. బావా, నిజం చెబుతున్నా, అది నా సొంత ఆలోచనే అయి ఉంటే ఆయన చూపుకే వదిలేసి ఉండేవాణ్ణి. కానీ చూపు లేని ఒక తాత నిడుగల్లులో కూర్చుని చదునే కావాలన్నాడు. నేను పాత పెట్టె అడిగాను. ఉస్తాద్ ముఖం తిప్పుకున్నాడు. కాల్చాను.

తర్వాత ఆయనే అట్ట దగ్గరికి నడిచి వెళ్ళి, చాలాసేపు చూసి, "ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు. అంతా చెప్పాను. పాళెగాళ్ళ తుపాకులు, బస్సు తలుపు, అన్నీ. ఆయన జనవరిలో నాతో పాటే మన ఊరికి వస్తానన్నాడు. తాతకు శాలువా కప్పుతాడట. ట్రైనింగు స్కూలు పిల్లల ముందు నాలుగు మాటలు చెప్పించడానికి జీపు పెట్టి బెంగుళూరు తీసుకెళ్దామంటున్నాడు. పైవాళ్ళకు కాగితం కూడా పంపబోతున్నాడు.

నీ ఉత్తరం అందగానే నరసక్కకు విడిగా రాశాను. ఈసారి గుండు గురించి ఒక్క ముక్క లేదు. ఆమె జవాబు నిన్ననే వచ్చింది. అందులో ఒక విచిత్రం ఉంది. తాతకు బ్రహ్మచెవుడు అని రాసింది. కండ్లు మాత్రం బాగానే కనబడుతున్నాయట, గొర్రెలను దూరం నుంచే గుర్తుపడుతున్నాడట. ఇదెలా బావా? అలాంటి పెద్దవాళ్ళు ఎవరితో మాట్లాడాలో వాళ్ళే ఎంచుకుంటారేమో. నీ అదృష్టం.

నీ రుణం తీర్చుకోలేని,
రామాంజినప్ప

*

మంగళవాడ,
7-12-1987

బామ్మర్దీ,

ముందు ఉస్తాద్‌ను ఆపు. కాగితం పైకి పోకముందే ఆపు. తర్వాత కూర్చుని ఇది చదువు.

నీ గెలుపు వార్త విని మీ అక్క ఇంటింటికీ బెల్లం పంచింది. నరసక్క నీ ఉత్తరాన్ని ఎవరికీ చూపించలేదు, నేను అడిగితే "నీకు రాయలేదు కదన్నా" అని లోపలికి పోయింది. పెట్టె సర్దుతోంది. మీ అక్క పక్కన కూర్చుని సాయం చేస్తున్నట్టే చేస్తూ, సర్దినవన్నీ మళ్ళీ తీసి మడత పెడుతోంది. "ఇల్లంతా నా ఒక్కదాని మొగానే ఉండబోతాది" అని నన్ను తిడుతోంది. ఉంటే పోట్లాట, పోతే ఏడుపు. ఈ ఆడవాళ్ళకన్నా నీ గుండ్లే నయం, కనీసం దగ్గరికొకటి దూరానికొకటి అని తేలింది.

ఇక నిడుగల్లులో నరసక్క కంబళి కప్పిన మనిషి. అతడు గొర్రెలు కాసుకునే ఒక ముసలి హొన్నూరప్ప. హోటలు దగ్గర పేరు అడిగితే ఎవరో చేయి పెట్టి చూపించారు. బ్రహ్మచెవుడు. "తుపాకులు చేసే వంశమేనా తాతా?" అని నరసక్క అడిగింది, తల ఊపాడు. "మా ఆయనకు గుండు గురించి చెప్పింది నువ్వేనా?" అంది, మళ్ళీ ఊపాడు. "పిచ్చోడివా నువ్వు?" అని నేను అరిచాను, దానికీ ఊపాడు. ఈ తాలూకాలో ఒక అబద్ధం చెప్పి ప్రశాంతంగా బతకలేం. అడిగినవాళ్ళకు దాన్ని మనిషిగా చేసి చూపిస్తారు. కంబళి తిరిగి అడగలేదు. అతనికి నిజంగానే చలి ఉంది.

నీ మొదటి ఉత్తరం నా దగ్గరే ఉంది. మూతి దాటేటప్పుడు చివరగా వదిలేది అడుగు, పొగ ఒక పక్కన దూరి తన్నుతుంది, నూరు గజాల్లో సర్దుకోదు. ఇవన్నీ నీవే. నేను చేర్చింది పావగడ బస్సు ఒక్కటే. బ్యారెల్ మూతి అంచు గురించి నువ్వు అడిగినప్పుడు నాకు ముక్క అర్థం కాలేదు. అందుకే ముసలాయనకు కోపం తెప్పించి, కట్టె పట్టించి, "అట్టనడగమను" అనిపించాను. నువ్వు పోయి అడిగావు. అది చెప్పింది.

ఉస్తాద్‌కు ఏం చెబుతావో నీ ఇష్టం. నీ పేరే చెప్పు, చాలు.

ఎందుకు చేశానని అడుగుతావు. నీ అనుమానం నిజమని నేను రాసి ఉంటే, ఏడో తరగతి తప్పినవాడు చెప్పొచ్చాడని కాగితం మడిచి పారేసేవాడివి. నీ అంతట నీకు తోస్తే ఉస్తాద్ ముఖం చూసి వదిలేసేవాడివి. నువ్వే రాశావు ఆ ముక్క. నీ మాట నువ్వు వినాలంటే అది పాళెగాళ్ళ కాలం నాటి గడ్డం ఉన్న నోటి నుంచి రావాలి, ఆ నోటికి పైన చూపు కూడా ఉండకూడదు. అలాంటి తుపాకి మేస్త్రీ కోసం నిడుగల్లు పోవాలనే అనుకున్నాను. కాలిలో ముల్లు ఉంది, బస్సులో చోటు లేదు. ఆ రెండు సార్లూ నేను మంగళవాడ దాటలేదు. మా వసారాలో కూర్చుని, శనక్కాయలు ఒలుచుకుంటూ, ఆయన్ను నేనే పుట్టించాను.

నీ బావ,
కాటప్ప